నైటింగేలు కోరిన గది

1853లో లండను హార్లే వీథిలోని చిన్న ఆసుపత్రి బాధ్యతను స్వీకరించినపుడే ఫ్లారెన్స్ నైటింగేలు ప్రతి అంతస్తునకును వేడినీటి గొట్టములను, భోజనమును పైకి చేర్చు యంత్రమును కోరెను. మెట్లెక్కి దిగుటకే పరిచారిక బలమంతయు చెల్లిపోయినచో రోగికి మిగులునదేమి?

మరుసటి యేడు క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకై 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి చేరెను. అచట గాయములకంటె కలరా, విషజ్వరము, అతిసారములే యెక్కువమందిని బలిగొనెను. 1855లో ఆమెయు జ్వరపడి మృత్యుముఖమునుండి బయటపడెను.

కృతజ్ఞతగా ప్రజలిచ్చిన సుమారు 45,000 పౌనుల నిధితో 1860లో సెంట్ థామస్ ఆసుపత్రిలో పరిచారికల శిక్షణాలయము వెలసెను. ఆనాడు పలుచోట్ల పరిచారికలు వార్డుల వాకిట, మెట్లదరి కొట్లలో పరుండుచుండిరి. ఇచటి విద్యార్థినికో, ప్రత్యేకముగ గది, భోజనము, దుస్తులు, చాకలి ఖర్చు, ఏటికి 10 పౌనులు! మన పాఠములలో ఆమె చేతి దీపమే కాని యీ గది కనిపింపదు.

పెక్కేండ్లు మంచముననే గడిపియు, 1872 మొదలు ఆ విద్యార్థినులకు లేఖలు వ్రాయుచు వచ్చెను. 1910లో, 90వ యేట కన్నుమూసెను.