మహబూబు పాషా వేట

హైదరాబాదునుండి విజయవాడకు పోవు బాటలో, మన్సూరాబాదునకు చేరువగా హరిణ వనస్థలి కలదు. ఒకప్పుడది నిజాము ప్రభువుల వేటభూమి. అచ్చటి ఇర్రులను, అనగా కృష్ణజింకలను, చూచినపుడు తలపునకు రాదగినవాడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను. అసఫ్‌జాహీ వంశమున వేటకాడనిన జనులు ఆయననే చెప్పుకొనెడివారు.

ఆయన 1866 ఆగస్టులో జన్మించెను. తండ్రి అఫ్జలుద్దౌలా మరణింపగా, 1869లో రెండున్నరయేండ్లకే గద్దెనెక్కెను. బొమ్మలతో ఆడుకొనవలసిన ప్రాయమున దర్బారు మర్యాదలు నేర్వవలసివచ్చెను. సాలార్‌జంగు ప్రభృతులు రాజ్యభారము వహించిరి. 1884 ఫిబ్రవరిలో వైస్రాయి రిప్పను ప్రభువు వచ్చి ఆయనకు సర్వాధికారములు అప్పగించెను. కట్టుబాట్ల నడుమ పెరిగిన ఆ యువకునకు అడవియే విడిదియైనది కాబోలు.

ఆ కాలపు సంస్థానములలో ఇర్రుల వేటకు చివంగిని, అనగా చీతాను, పెంచెడివారు. హైదరాబాదు సంస్థానమునను ఈ వేట కలదు. ఇందలి కిటుకంతయు ఎడ్లబండిలోనే యున్నది. పసులు మేయు బీళ్లలోనే ఇర్రులును మేయును. కావున ఎద్దులను, రైతుల బండ్లను చూచి అవి బెదరవు. చివంగి కన్నులకు గంతకట్టి, బండిపై నెక్కించి, రైతు పొలమునకు పోవునట్లే మెల్లగా మందను సమీపించెడివారు. అదను చూచి గంత విప్పుటయే తడవు, చివంగి దుమికెడిది. కొలదిదూరములో చిక్కినచో ఇర్రి దక్కెడిది; లేనిచో చివంగి అలసి ఆగిపోయెడిది. పశువులతోడి చెలిమియే ఇర్రికి మృత్యువైనది!

మహబూబ్ అలీకి పులివేట యనిన మరింత మక్కువ. ముప్పదికి మించి పులులను కొట్టెనని జనశ్రుతి. పులి చంపిన పశువు కళేబరముకడ మాటు వేయుటయో, దున్నపోతును ఎరగా కట్టుటయో పద్ధతి. మందలు పోగొట్టుకొనుచున్న పల్లెకు పులి చచ్చుట మేలే. కాని తప్పెటలు మ్రోగించుచు మృగమును తరుముటకు పిలువబడినవారును ఆ పల్లెవారే. తెలంగాణమున అధికారుల వేటలకు పని చేయుటయు వెట్టిచాకిరిలో నొక భాగము. రాజా దీన్ దయాళ్ తీసిన వేట ఛాయాచిత్రములలో ప్రభువుల ముఖములు తేటగా కనబడును. మృగమును తోలిన కూలివారి పేర్లు మాత్రము మనకు తెలియవు.

అయినను ప్రజలకు ఆయనపై ప్రేమ మెండు. పాముకాటునకు ఆయన పేరు తలచిన విషము దిగునని నమ్మిరి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచినపుడు, నిరాశ్రయులకు రాజభవనపు వాకిళ్లు తెరపించెను. 1911 ఆగస్టు 29న, నలువదియైదేండ్ల ప్రాయమున, ఫలక్‌నుమా మహలునందు కన్నుమూసెను.

1952లో చివంగి మనదేశమున అంతరించెనని ప్రకటింపబడెను. అది తరిమిన ఇర్రులకు మాత్రము 1975లో హరిణ వనస్థలి అభయారణ్యమైనది, 1994లో జాతీయోద్యానవనమైనది. వేట అచ్చట నిషిద్ధము.