పట్టా దక్కని పండితురాలు

సైకాలజీ అనగానే ఎదుటివాళ్ల మనసులో మాట ఇట్టే పట్టేసే విద్య అనుకుంటాం చాలామందిమి. నేను సైకాలజీలో ఎమ్మే చేశానని తెలిస్తే చాలు, మా నల్లకుంట కూరగాయల మార్కెట్లో కూడా తమ మనసులో ఏముందో చెప్పమని నవ్వుతూ అడిగేవాళ్లున్నారు. చిలకజోస్యానికీ ఈ శాస్త్రానికీ ఉన్న తేడా చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒక స్త్రీ గుర్తొస్తుంది. ఆమె మేరీ విటన్ కాల్కిన్స్.

పెళ్లయ్యాక, పిల్లలు కాస్త ఎదిగాక ఉస్మానియాలో చేరాను నేను. విద్యానగర్ మీదుగా క్యాంపస్‌కి నడిచి వెళ్లేదాన్ని, పుస్తకాలకి తార్నాక దాకా పోయేదాన్ని. జ్ఞాపకశక్తి పాఠంలో ఒక ప్రయోగం దగ్గర ఈమె పేరు కనబడింది. అంతకుముందు పేజీల్లో అందరూ మగవాళ్లే! ఎవరీవిడ అని వెతుక్కుంటూ పోతే తెలిసిన కథ ఇది.

మేరీ 1863 మార్చి 30న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. అయిదుగురు పిల్లల్లో పెద్ద. తండ్రి చర్చిలో పాస్టరు. 1882లో స్మిత్ కాలేజీలో చేరారు. మరుసటి ఏడాదే చెల్లెలు చనిపోయింది. ఆ దుఃఖంలో కొన్నాళ్లు ఇంటిపట్టునే ఉండి చదువుకుని, 1885లో డిగ్రీ పూర్తిచేశారు. 1887లో వెల్లెస్లీ అనే ఆడపిల్లల కాలేజీలో గ్రీకు భాష చెప్పే ఉద్యోగం వచ్చింది. అంతలో ఆ కాలేజీకి సైకాలజీ చెప్పేవాళ్లు కావాల్సి వచ్చారు. ఒక ఏడాది చదివి రమ్మన్న షరతు మీద ఆ బాధ్యత మేరీకి అప్పజెప్పారు.

అప్పటికి అదో పసి శాస్త్రం. మనసు గురించిన మాటలన్నీ ఎన్నో వందల ఏళ్లుగా తత్వవేత్తలవే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ 1879లో ప్రయోగశాల పెట్టాకే మనసు పనితీరుని కూడా కొలిచి చూడవచ్చన్న ధైర్యం వచ్చింది. సరే, మరి మేరీ ఎక్కడ చదవాలి? పేరున్న గురువు విలియం జేమ్స్ ఉన్నది హార్వర్డ్‌లో. అక్కడేమో ఆడవాళ్లకి ప్రవేశం లేదు!

తండ్రి అర్జీ పెట్టారు. గురువులు సిఫార్సు చేశారు. చివరికి 1890 అక్టోబరులో అనుమతి దొరికింది. పాఠం వినొచ్చు గానీ విద్యార్థినిగా పేరు నమోదు చెయ్యరు. మేరీ ఒప్పుకున్నారు. తీరా చూస్తే జేమ్స్ తరగతిలోని మగపిల్లలు ఒక్కొక్కరే తప్పుకున్నారు. గురువూ శిష్యురాలూ ఇద్దరే మిగిలారు. లైబ్రరీలో చలిమంటకి చెరోవైపు కూర్చుని, అప్పుడే అచ్చయిన జేమ్స్ గ్రంథాన్ని చదువుకున్నారు. ఇంతటి చదువు ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?

1891లో వెల్లెస్లీకి తిరిగొచ్చి ప్రయోగశాల పెట్టారు. మహిళా కాలేజీలో సైకాలజీ ప్రయోగశాల రావడం అదే మొదలు. తన మరో గురువు శాన్‌ఫర్డ్‌తో కలిసి కలల మీద పరిశోధన చేశారు. అలారం పెట్టుకుని రాత్రి వేర్వేరు వేళల్లో లేవడం, వచ్చిన కలని వెంటనే రాసుకోవడం. 55 రాత్రుల్లో 205 కలలు రాసుకున్నారావిడ! తేలిందేమిటంటే, మన కలల్లో ఎక్కువగా వచ్చేది ఈమధ్య మనం చూసిన మనుషులూ చోట్లేనని.

నేను పాఠంలో చదివిన ప్రయోగం ఆ తర్వాతిది. హార్వర్డ్‌లో మున్‌స్టర్‌బర్గ్ ప్రయోగశాలలో చేశారు. ఒక రంగు చూపించి, వెంటనే ఒక అంకె చూపించేవారు. అలా కొన్ని జంటలయ్యాక ఉత్త రంగులే చూపించి, అంకెలు అడిగేవారు. కొన్ని జంటలు పదేపదే వచ్చేవి, కొన్ని చివర్లో వచ్చేవి, కొన్ని కొట్టొచ్చినట్టు కనబడేవి. వీటిలో ఏది బాగా గుర్తుంటుంది? మళ్లీ మళ్లీ చూసిందేనని లెక్కల్లో తేలింది. అది మా అమ్మమ్మకీ తెలుసు కదా అంటారేమో! తెలియడం వేరు, ఒక్కొక్క కారణాన్నీ విడదీసి పరీక్షించి రుజువు చెయ్యడం వేరు. శాస్త్రం అంటే ఆ రెండోదే.

మరొకటి కూడా చెప్పాలి. జాస్ట్రో అనే ప్రొఫెసరు 1891లో విద్యార్థుల చేత మాటల జాబితాలు రాయించి, ఆడవాళ్ల ఆలోచనలు అలంకరణ, చుట్టూ ఉన్న వస్తువుల చుట్టే తిరుగుతాయని తేల్చేశాడు. వెల్లెస్లీలో అదే ప్రయోగం మళ్లీ చేయిస్తే ఫలితం వేరుగా వచ్చింది. మేరీ వాదన అక్కడితో ఆగలేదు. పుట్టినప్పటినుంచీ వేర్వేరుగా పెంచిన ఇద్దరిలో తేడా కనబడితే, అది పుట్టుకతో వచ్చిందా పెంపకంతో వచ్చిందా అని ఎలా విడదీస్తారని నిలదీశారు. ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

1895లో ఆమెకి పీహెచ్‌డీ పరీక్ష పెట్టారు. జేమ్స్ సహా పరీక్షించిన గురువులందరూ ఏకగ్రీవంగా అర్హురాలన్నారు. హార్వర్డ్ మాత్రం ఆడమనిషికి పట్టా ఇవ్వనంది. 1902లో ఒక మధ్యేమార్గం చూపారు. పక్కనే ఉన్న రాడ్‌క్లిఫ్ మహిళా కాలేజీ పేరుమీద పట్టా ఇస్తామన్నారు. మేరీ వద్దన్నారు! తాను చదివింది హార్వర్డ్‌లో, మరో కాలేజీ పేరుతో పట్టా ఎందుకు పుచ్చుకోవాలన్నది ఆమె పట్టుదల.

ఇచ్చింది పుచ్చుకోక ఎందుకంత పంతం అని మనవాళ్లే అంటారు. దొరికినదాంతో సర్దుకోవడం మనకి చిన్నప్పటినుంచీ అలవాటు చేసిన విద్య కదా. నాకైతే ఆవిడ చేసిందే సబబనిపిస్తుంది. ఆ కాగితం పుచ్చుకుంటే, హార్వర్డ్ చేసిన పని తప్పు కాదని ఒప్పుకున్నట్టే అయ్యేది.

పట్టా లేకపోయినా పని ఆగలేదు. 1901లోనే సైకాలజీ పరిచయ గ్రంథం రాశారు. 1905లో అమెరికన్ సైకాలజీ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 1918లో తత్వవేత్తల సంఘానికీ అధ్యక్షురాలయ్యారు. 1929లో ఉద్యోగ విరమణ చేసి, 1930 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 1927లో హార్వర్డ్ పూర్వ విద్యార్థులు కొందరు ఆమె పట్టా కోసం అర్జీ పెడితే, విశ్వవిద్యాలయం అప్పుడూ కాదనే అంది.

మనకీ ఈ కథతో చుట్టరికం ఉంది. మేరీ పనిచేసిన ఆ మున్‌స్టర్‌బర్గ్ దగ్గరే చదువుకుని వచ్చిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా 1916లో కలకత్తాలో మన దేశపు తొలి సైకాలజీ శాఖకి నాయకత్వం వహించారు. తర్వాత మన విశ్వవిద్యాలయాలకీ ఆ చదువు పాకింది.

మేరీ ప్రయోగం మీరూ ఇంట్లో చేసి చూడొచ్చు. రంగురంగుల గాజులు ఓ ఎనిమిది తీసుకోండి. ఒక్కో రంగుకి ఒక్కో అంకె చెప్పండి. రెండు రంగులు మాత్రం మధ్యమధ్యలో మూడేసి సార్లు రానివ్వండి. తర్వాత గాజులు కలిపేసి, పిల్లల్ని అంకెలు అడగండి. ఏవి గుర్తున్నాయో కాగితం మీద రాయండి. రాయకుండా, అనుకున్నట్టే వచ్చిందని మాత్రం అనేయకండి!