జెర్డను దొర – కలివికోడి

గత మాఘమాసమున బంధుదర్శనార్థమై హైదరాబాదు పోయి తార్నాకలో పది దినము లుంటిని. సాయంకాలము ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో నడచుట అలవాటయ్యెను. ఆర్ట్సు కళాశాల రాతిభవనముపై వెలుగు తగ్గగానే చెట్ల నడుమ గబ్బిలములు బయలుదేరుచుండెడివి. వానిని గూర్చి పరిశోధించువారు అచటి జంతుశాస్త్ర విభాగమునందే కలరు. ఆ విద్య నభ్యసించు యువకు డొకడు, 1876లో ఆసియా గబ్బిలములపై ఉద్గ్రంథము వెలయించిన డాబ్సను సైన్యవైద్యు డనియు, అంతకు ముందే భారతదేశపు క్షీరదములనెల్ల, గబ్బిలములతో సహా, ఒక పుస్తకమున కెక్కించిన జెర్డనును సైన్యవైద్యుడే యనియు చెప్పెను. ఆ జెర్డను మన నెల్లూరున పనిచేసినవాడని విని నాకు మిక్కిలి కుతూహలము కలిగినది.

థామస్ కావెరిల్ జెర్డను 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హము మండలమున జన్మించెను. ఎడింబరోలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువున ఉపవైద్యుడై 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున దిగెను. తొలుత గంజాము సీమలో జ్వరములతోను, రక్తగ్రహణితోను బాధపడు సిపాయిలకు చికిత్స చేయుట ఆతని పని. తీరిక దొరికినపుడు తూర్పుకనుమల పక్షులను సేకరించెడివాడు. తరువాత అశ్వికదళముతో నిజాము రాజ్యములోని జాల్నాకును పోయెను.

అచ్చట నొక చిక్కు వచ్చెను. తాను కూర్చిన పక్షిచర్మములను, వాని జాతులను నిర్ణయించుటకై స్కాట్లండులోని జార్డిను పండితునికి పంపగా, అవి ఆ యింటికి చేరులోపల పురుగుపట్టి పాడయ్యెను. నా చేతి అడంగళ్లు చెదలపాలైన నాడు నేను అన్నము ముట్టలేదు. కావున ఆ దొర దుఃఖము నాకు తెలియును. ఆతడు మాత్రము అటుపై సీమపండితుల తీర్పుకై వేచియుండక తన కంటినే నమ్ముకొనెను. 1839–40లలో దక్షిణాపథ పక్షుల పట్టికను చెన్నపట్టణపు పత్రికలో ప్రకటించెను. ఆ పురుగులు చేసిన మేలు గొప్పదే యని నా తలంపు.

పిదప నెల్లూరికి వైద్యాధికారిగా వచ్చెను. తిక్కన సోమయాజి నడయాడిన పెన్నాతీరమది. అడవిలోని ప్రాణుల గుట్టు తెలిసిన యానాదులను చేరదీసి, ఏ పిట్ట ఏ పొదలో గూడు కట్టునో, ఏ వేళ కూయునో వారినడిగి తెలిసికొనెను. చదువురాని గురువులకు శిష్యుడగుటకు సిగ్గుపడని పండితుడు! అయినను ఆ యానాదులలో ఒక్కని పేరైనను నాకు ఎచ్చటను కనబడలేదు. పట్టాదారు పేరు లేని ఖాతా వంటిదిది. లెక్కలు వ్రాయువానికి మనసు ఒప్పదు. 1843–47 నడుమ ఈ దేశపు చిత్రకారులచే వ్రాయించిన యాబది చిత్రములతో ఒక పక్షిగ్రంథమును వెలువరించెను. 1851లో దక్షిణదేశపు చీమలపైనను వ్రాసెను. అందు వర్ణింపబడిన గెంతుచీమను శాస్త్రజ్ఞులు నేటికిని పరిశోధించుచున్నారు.

ఆతనికి దొరికిన వానిలో రెండు గోధుమవన్నె హారములు ధరించినట్లుండు ఒక నేలపిట్ట కలదు. కలకత్తాలోని బ్లైతు పండితుడు 1848లో దానికి శాస్త్రనామ మిడెను. ఇంగ్లీషున అది జెర్డను పేరనే ప్రసిద్ధమైనది. కడప సీమవారు కలివిపొదల నడుమ తిరుగుటచే కలివికోడి యందురు.

తరువాత కానింగు ప్రభువు ఏలుబడిలో ప్రభుత్వము ఆతనిని ప్రత్యేకముగా గ్రంథరచనకే నియమించెను. భారత పక్షుల గ్రంథము 1862–64లలో వెలువడెను. అందు వేయికి పైబడిన జాతులు కలవు. క్షీరదముల గ్రంథము 1867లో వచ్చెను. 1868లో ఉద్యోగము విరమించి, అస్సాములో జ్వరపీడితుడై స్వదేశమునకు మరలి, 1872 జూన్ 12న లండను చెంత మరణించెను. ఇన్నేండ్లు పరుల జ్వరములు మాన్పినవానిని తుదకు జ్వరమే క్రుంగదీసెను.

కలివికోడి కథ యింకను ముగియలేదు. 1900 ప్రాంతము తరువాత అది ఎవరికిని కానరాక, నశించినదనియే పండితులు తలంచిరి. పగలంతయు వెదకిరి గాని, అది రాత్రి తిరుగు పిట్ట యని వారెరుగరు. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారు వెదకుచుండగా, సిద్ధవటము దాపున రెడ్డిపల్లె వైపు ఒక వేటకాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చెను. పాప మా పక్షి బ్రతుకలేదు. దేశదేశముల పండితులు పోయినదని వ్రాసికొన్న పిట్టను ఆ ప్రాంతపు వేటకాండ్రు ఎరిగియే యుండిరి. వారి నడిగినవారే లేకపోయిరి. పిదప శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. దాని పొదల మీదుగా రాబోయిన తెలుగుగంగ కాలువ దారిని సయితము కొంత మార్చిరి.