దివాను సాలార్ జంగు

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పసుపునకు పేరుపొందిన పట్టణము. నల్లని బండరాళ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు నవనాథ సిద్ధులగుట్ట ఆ పట్టణమునకు గుర్తు. మాఘ ఫాల్గుణ మాసములు వచ్చుసరికి చుట్టుప్రక్కల గ్రామముల రైతులు పసుపు త్రవ్వి, ఉడికించి, కళ్లములలో ఎండబోసి, కొమ్ములను మండను వేరుచేసి బస్తాలకెత్తుదురు. తూకము కాగానే ఒక చీటీపై రైతు పేరు, ఊరు, సరకు రకము, తూకము, ధర వ్రాసి యిత్తురు. ఆ చీటీ లేనిచో సరకు ఎవరిదో, ఎవరికెంత ముట్టవలెనో తేలదు. అది అరచేతిలో ఇముడునంతటిదే. అయినను అందులో ఏ గడి యుండవలెనో, ఏది అక్కరలేదో ముందుగా యోచించినవాడు ఒకడుండి తీరవలెను. ఏ సంగతి తెలియవలెను? దానిని ఎవరు వ్రాయవలెను? వ్రాసినదానిని ఎవరు సరిచూడవలెను? అది ఎవరికి చేరవలెను? ఈ ప్రశ్నలకు సమాధానములు కుదిర్చిన తరువాతనే నేటి నిపుణులు కంప్యూటరును ముట్టుకొందురు. కంప్యూటరు పేరైనను వినబడని కాలమున, ఒక అంగడికి గాక ఒక రాజ్యమునకే ఇట్టి ఏర్పాటు చేసినవాడు మొదటి సాలార్ జంగు. ఆర్మూరు ఆయన తీర్చిదిద్దిన ఆ రాజ్యములోనిదే.

సాలార్ జంగు అనగానే విద్యార్థులకు హైదరాబాదులోని వస్తుప్రదర్శనశాల గుర్తుకు వచ్చును. అందలి వస్తువులలో అధికభాగమును సేకరించినవాడు ఈయన మనుమడైన మూడవ సాలార్ జంగు. మేలిముసుగు రెబెకా అను పాలరాతి విగ్రహమును మాత్రము 1876లో రోము నగరమున కొన్నవాడు తాతగారే. అయితే ఆయన కీర్తికి కారణము ఆ విగ్రహము కాదు.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829లో జన్మించెను. నిజాము రాజ్యమునకు పలువురు దివానులనిచ్చిన వంశము ఆయనది. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు ఎవరి పేరున నున్నదో ఆ మీర్ ఆలం కూడ ఆ కుటుంబపు పెద్దయే. పసితనముననే తండ్రిని కోల్పోయిన తురాబ్ అలీని పినతండ్రి సిరాజుల్ ముల్క్ చేరదీసెను. సుమారు పందొమ్మిదేండ్ల ప్రాయమున ఖమ్మము ప్రాంతమునకు తాలూక్దారుగా పోయి కొన్ని నెలలు అచట పని చేసెను. అంతకు పూర్వము నిజాము కొలువులోనుండిన డైటన్ అను ఆంగ్లేయుడు నడిపిన పద్ధతిని యువకుడు శ్రద్ధగా నేర్చుకొనెను. శిస్తు ఎట్లు నిర్ణయింతురు, ఎట్లు వసూలు చేయుదురు, నడుమ ఎచ్చట జారిపోవును అను సంగతులను గ్రామములలోనే చూచుట ఆయనకు తరువాత ఎంతయో ఉపకరించెను.

1853 మే నెల నిజాము రాజ్యమునకు గడ్డుకాలము. ఆంగ్లేయులకు బాకీపడిన సైన్యపు వ్యయము క్రింద సారవంతమైన బేరారును వారి చేతిలో పెట్టవలసివచ్చెను. ఆ ఒప్పందము జరిగిన కొలది దినములకే దివానుగా నుండిన సిరాజుల్ ముల్క్ మరణించెను. ఇరువదినాలుగేండ్ల తురాబ్ అలీ ఆ పదవియందు నియుక్తుడయ్యెను. ఖజానా వట్టిపోయినది, సిపాయిలకు జీతములు లేవు, వడ్డీవ్యాపారులు వాకిట కూర్చుండిరి. ఇంతటి కష్టమునకు మూలమేమని విచారింపగా కొత్త దివానునకు ఒక విచిత్రమైన సంగతి తెలిసెను. రాజ్యపు ఆదాయమెంత అను ప్రశ్నకు నిశ్చయముగా సమాధానము చెప్పగలవాడు రాజ్యములో ఒక్కడును లేడు!

దీనికి కారణములు పెక్కు. తాలూకాలను ఇజారాకిచ్చు పద్ధతి నడచుచుండెను. ఇజారాదారు ఇంత మొత్తము చెల్లింతునని ఒప్పుకొని, రైతుల నుండి ఎంత గుంజినను అడుగు నాథుడు లేడు. అప్పులిచ్చిన అరబ్బు జమేదారులు, రోహిలాలు కొన్ని తాలూకాలనే తాకట్టు పెట్టుకొని, ఆ శిస్తును తామే అనుభవించుచుండిరి. గ్రామములో దేశముఖులు, దేశపాండ్యాలు వసూళ్లపై అధికారము చలాయించుచుండిరి. పెక్కుచోట్ల శిస్తు ధాన్యరూపమున నుండెను. రాశిలో పాలు పంచుకొనునప్పుడు ఎవరి కొలత వారిది. నాణెములైనను ఒక్క తీరువి కావు. గద్వాల, నారాయణపేట మొదలగు చోట్ల వేర్వేరు టంకశాలలుండి, ఒకచోటి రూపాయి మరియొకచోట అదే విలువకు చెల్లకుండెను. నూరు రూపాయలకు నూరు కలిపినచో ఇన్నూరగునని చెప్పుటకును వీలులేని లెక్కలవి.

ఇక లెక్కల పుస్తకములున్నవా అనగా, ఉన్నవి. కాని అవి ప్రభుత్వము చేతిలో లేవు. దఫ్తరె దివానీ, దఫ్తరె మాల్ అను రెండు దఫ్తరములను మాల్వాలా, రాయ్ రాయాన్ అను రెండు వంశములవారు పరంపరగా నిర్వహించుచుండిరి. రాజ్యపు సుబాలను వారు పంచుకొని, ఏ ఊరినుండి ఎంత రావలెనో, ఏ జాగీరు ఎవరిదో తమ ఆధీనములోని కాగితములలో భద్రపరచిరి. వారు అసమర్థులనుట సరికాదు. తరతరముల విద్య వారిది. అయితే రాజ్యమునకు తన సొంత ఆస్తి తెలియుటకు ఇతరుల గుమ్మము త్రొక్కవలసి యుండుట మాత్రము వింతయే.

సాలార్ జంగు దీనిని ఒక్క దెబ్బతో కూలద్రోయలేదు. అంత బలము ఆయనకు లేదు. పైగా నిజాము ఆయనను నమ్మినట్లే నమ్మి అనుమానించుచుండెను. నగరము విడిచి వెళ్లుటకు దివానునకు సైతము అనుమతి కావలసియుండెను. తాను పోయి చూడలేని ఊళ్లను తాను పాలింపవలెను. కనుక కాగితమే ఆయనకు కన్నయ్యెను. ఆ కన్ను సరిగా కనబడుటకు ఏమేమి చేయవలెనో ఒక్కొక్కటిగా ఆరంభించెను.

మొదట తాకట్టులోనున్న తాలూకాలను విడిపించుట. అప్పుల పత్రములను పరిశీలింపజేసి, న్యాయమైన బాకీలను తీర్చుచు, తాలూకాలను ఒకటొకటిగా వెనుకకు తెచ్చెను. నగరమున కేంద్రఖజానా నేర్పరచెను. ప్రాంతీయ టంకశాలలను అణచి హాలీ సిక్కా అను ఒకే రూపాయిని నిలబెట్టెను. కొలమానము ఒకటి కానిదే లెక్క ఒకటి కాదని ఆయన ఎరుగును. ఇజారాదారుల స్థానమున జీతముగల తాలూక్దారులను నియమించుటకు ప్రారంభించెను. ఇదియే అన్నిటిలోను గొప్ప మార్పు. వసూలులో వాటా పొందువాడు వసూలును దాచును. నెలజీతము పుచ్చుకొనువానికి దాచుటలో అంత లాభము లేదు, వ్రాయుటలో నష్టమును లేదు.

ఇంతలో 1857 వచ్చెను. ఆ యేడు జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ మొదలగువారు హైదరాబాదులోని రెసిడెన్సీపై దాడి చేసిరి. సాలార్ జంగు ఆంగ్లేయుల పక్షముననే నిలిచెను. దేశాభిమానులు పలువురు ఈ పనికి ఆయనను నేటికిని క్షమింపరు. రాజ్యము మిగులుటకు ఆయనకు వేరు దారి తోచలేదని చెప్పువారును కలరు. ఫలితముగా 1860 ఒప్పందములో రాయచూరు, ధారాశివ ప్రాంతములు తిరిగి వచ్చెను. ఏబది లక్షల రూపాయల అప్పు రద్దయ్యెను. బేరారు మాత్రము రాలేదు. 1859లో దర్బారు వెలుపల ఆయనపై ఒకడు దాడి చేసెను. 1868లో మరియొకడు దారిలో తుపాకి కాల్చెను. రెండు పర్యాయములును ప్రాణము దక్కెను. మరునాడే కచేరి పని సాగెనని చెప్పుకొందురు.

పది సంవత్సరముల అనుభవము గడచిన తరువాత అసలు నిర్మాణమునకు పూనుకొనెను. 1864లో మాల్గుజారీ మజ్లిసు అను రెవెన్యూ మండలిని స్థాపించెను. 1865లో జిలాబందీ, అనగా జిల్లాల ఏర్పాటు, జరిగెను. 1867 నాటికి రాజ్యము ఐదు విభాగములుగను, పదునేడు జిల్లాలుగను విభజింపబడెను. విభాగమునకు సదర్ తాలూక్దారు, జిల్లాకు అవ్వల్ తాలూక్దారు, తాలూకాకు తహసీల్దారు, గ్రామమునకు పటేలు, పట్వారీ. ఇది చూచుటకు నిచ్చెనవలె సులభముగ తోచును. కాని ఇందులోని సూక్ష్మము గ్రహింపవలెను. ప్రతి గ్రామమును ఒక్క తాలూకాకే చెందును. ప్రతి తాలూకాయు ఒక్క జిల్లాకే జవాబు చెప్పును. ఒక ఊరి జమ రెండుచోట్ల లెక్కకు వచ్చుటకు గాని, ఎచ్చటను రాకుండుటకు గాని వీలు తగ్గెను. జమ ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత అను మూడు సంఖ్యలు పట్వారీ పుస్తకమునుండి తహసీలుకును, అచటినుండి జిల్లాకును, జిల్లానుండి రాజధానికిని ఎక్కవలెను. ఎక్కుచున్నకొలది వివరము తగ్గుచు మొత్తము పెరుగును. ఎక్కడనైన అనుమానము కలిగినచో అదే మెట్లమీదుగా క్రిందికి దిగి, ఏ ఊరిలో తప్పు జరిగినదో పట్టుకొనవచ్చును.

పోలీసు, న్యాయము, శిస్తు అను పనులను ఒక్కని చేతిలో పెట్టక విడదీసెను. జిల్లాలలో పోలీసునకు మొహతమీములను నియమించెను. 1868లో న్యాయము, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు సదరుల్ మొహాములు అను మంత్రులు వచ్చిరి. 1869లో రాజ్యము సొంత తపాలా బిళ్లలను వెలువరించెను. ఉత్తరము కదలనిదే లెక్క కదలదు గదా! ధాన్యపు పాలునకు బదులు రొక్కపు శిస్తు ఏర్పడెను. దేశముఖులకు వసూలు హక్కు పోయి, దానికి బదులు రుసుము అను రొక్కపు భరణము దక్కెను. పాత దఫ్తరములను ఆయన తగులబెట్టలేదు, ఆ వంశములను అవమానింపలేదు. క్రొత్త కచేరులు పని చేయుచున్నకొలది పాతవాటికి పనియే లేకపోయెను.

1876 ప్రాంతమున ఇందూరు జిల్లా ఈ ఏర్పాటులోనే రూపొందెను. ఆర్మూరు దానిలోని తాలూకాలలో ఒకటి. 1905 తరువాత ఇందూరు నిజామాబాదు అను పేరుతో ప్రసిద్ధమయ్యెను. తహసీలు, పట్వారీ, పహాణీ అను మాటలు తెలంగాణ పల్లెల నోట తరతరములుగా నిలిచెను.

ఈ నిర్మాణములో లోపములు లేకపోలేదు. జాగీర్లు, సంస్థానములు, నిజాము సొంత భూములైన సర్ఫెఖాసు దీనికి వెలుపలనే యుండెను. అచట పాత తీరే నడచెను. అంతకంటె పెద్ద లోపము మరియొకటి. ఇంత ఎత్తైన మేడకు పునాది పట్వారీ వ్రాత. 1875 తరువాత భూములను కొలిచి హక్కులను నమోదు చేయు పని సాగినప్పుడు, ఏ భూమి ఎవరి పేరున వ్రాసిన అది వారిదే యయ్యెను. పుస్తకములు చదువగలవారు దేశముఖులు, పట్వారీలు. దున్నువాడు చదువలేడు. గ్రామములో తెలుగు అక్షరము, పై కచేరులలో పారసీకము. తన పేరు ఎచ్చట తప్పినదో వాడు ఎట్లు కనుగొనగలడు? ఈ విధముగా వేలాది ఎకరములు బలవంతుల పేర నమోదయ్యెను. 1940లలో తెలంగాణ రైతులు ఆయుధము పట్టుటకు గల కారణములలో ఈ కాగితములును చేరును. సాలార్ జంగు దీనిని కోరలేదు. కాని వ్రాయువాని నిజాయితీని సరిచూచు ఏర్పాటు గ్రామములో ఆయన చేయలేకపోయెను.

1869లో నిజాము అఫ్జలుద్దౌలా మరణించెను. మూడేండ్లైనను నిండని మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కగా సాలార్ జంగు, షంసుల్ ఉమరాతో కలిసి రాజ్యభారమును వహించెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చెను. ఉత్తరదేశమునుండి మెహదీ అలీ, సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, చిరాగ్ అలీ వంటి విద్యావంతులను రప్పించి కచేరులను నింపెను. పరదేశులు ఉద్యోగములు కైవసము చేసికొనిరన్న అసంతృప్తి స్థానికులలో అప్పుడే మొలకెత్తెను. అది అకారణమైనది కాదు.

1876లో బేరారును తిరిగి కోరు ఉద్దేశముతో ఇంగ్లండు పోయెను. దారిలో పారిసు నగరమున జారిపడి కాలు విరిగెను. అయినను ప్రయాణము మానలేదు. విక్టోరియా రాణి దర్శనమిచ్చెను. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము గౌరవపట్టమిచ్చెను. బేరారును మాత్రము ఎవరును ఈయలేదు. ఆ కొరత ఆయన మనసునుండి తొలగలేదు.

1883 ఫిబ్రవరిలో జర్మనీదేశపు రాజకుటుంబీకుడొకడు హైదరాబాదునకు అతిథిగా వచ్చెను. ఆయన గౌరవార్థము మీర్ ఆలం చెరువుపై విహారము ఏర్పాటయ్యెను. అంతలోనే దివానునకు కలరా సోకెను. ఫిబ్రవరి 8వ తేదీన, ఏబదినాలుగేండ్ల ప్రాయమున, ఆయన కన్ను మూసెను. నగరములోని దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో సమాధి చేసిరి. మరుసటి సంవత్సరమునుండి చిరాగ్ అలీ ఆయన పాలనపై నాలుగు సంపుటములు ఆంగ్లమున ప్రకటింపసాగెను. దివాను పదవిలో చేరినప్పుడు దొరకని రాజ్యపు లెక్కలు అందు పుటలకొలది నిండియున్నవి. పాత దఫ్తరముల కాగితములు నేడు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్రభాండాగారమున కట్టలు కట్టి యున్నవి.