పాటిదిబ్బల బాటసారి – కర్నల్ మెకంజీ

గత వేసవి సెలవుల అనంతరం మా తరగతి విద్యార్థి ఒకడు, చిల్లకల్లు వాస్తవ్యుడు, పొడవాటి అట్టపెట్టె ఒకటి చంకన బెట్టుకొని మా గదికి వచ్చాడు. గల్ఫ్ నుండి వచ్చిన మేనమామ బహూకరించిన మెటల్ డిటెక్టర్ అందులో ఉన్నది. ఊళ్లో దానికి అప్పటికే నిధుల మిషను అని పేరు పడిందట. మొదట ఎక్కడ వెదకాలి, ఎట్లా వెదకాలి, జగ్గయ్యపేటలోని ధనబోడు మీద వెదకవచ్చునా అన్నవి అతని సందేహాలు. తెలుగు చెప్పే మాకు యంత్రాలతో సంబంధమేమని పాఠకులకు అనిపించవచ్చు. గ్రామ కైఫీయత్తులను గూర్చి పాఠం చెబుతూ, వాటిని పోగుచేయించిన కర్నల్ కాలిన్ మెకంజీ ఆరువేలకు పైగా పాత నాణేలను కూడా పోగుచేశారని మేము ఒకమాట అన్నాము. పాఠమంతా వదలి అతడు ఆ ఒక్కమాటను పట్టుకున్నాడు. ఆనాడు అతనికి చెప్పిన మెకంజీ జీవితగాథనే కొంత విస్తరించి ఈ సంచికకు వ్రాస్తున్నాము.

మెకంజీ 1754లో స్కాట్లండు వాయవ్య సముద్రంలోని లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు పట్టణంలో జన్మించారు. యౌవనంలో అక్కడి సుంకాల కచేరీలో ఉద్యోగం చేశారు. గణితమంటే మక్కువ. లార్డ్ నేపియర్ అనే ప్రభువు, లాగరిథమ్స్ కనిపెట్టిన తన పూర్వీకుని చరిత్ర వ్రాయదలచి, హిందువుల గణితశాస్త్రాన్ని గూర్చిన వివరాలు సేకరించే పనిలో ఈ యువకుని సహాయం తీసుకొన్నారు. ఆ ఆసక్తే ఆయనను మన దేశం వైపు త్రిప్పింది. 1783లో మద్రాసులో దిగి, కంపెనీ సైన్యంలో చేరి, త్వరలోనే ఇంజనీరు అయ్యారు. ఆ తరువాత స్వదేశాన్ని మరల చూడనే లేదు.

ఇక్కడ మా విద్యార్థిని ఒక నిమిషం ఆపి ఆలోచించమన్నాము. 1783 నుండి 1796 దాకా పదమూడేళ్లు మెకంజీ సేకరించినది స్వల్పం. మైసూరు యుద్ధాలు, పుదుచ్చేరి ముట్టడి, సింహళ దండయాత్ర, నైజాము సీమల సర్వే — ఇట్లా గుడారాల్లోనే కాలం గడిచింది. తీరిక లేకపోవటం ఒక కారణమైతే, దేశభాషలు రాకపోవటం మరొకటి. ఈ సంగతిని ఆయనే 1817లో మిత్రుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు వ్రాసిన లేఖలో దాపరికం లేకుండా ఒప్పుకొన్నారు. అంటే ఆయన అసలైన సేకరణకు పూనుకొన్నది నలుబది రెండవ ఏట. అప్పటికైనా ఆయన చేతికి ఏ యంత్రం వచ్చిందనుకొన్నారు? ఏలూరుకు చెందిన ఇరువది ఏండ్ల కావలి వెంకట బొర్రయ్య!

బొర్రయ్య తెలుగు, సంస్కృతం, తమిళం ఎరిగినవాడు, ఇంగ్లీషు నేర్చినవాడు. అన్నింటిని మించి ఊరివారితో మాట కలుపగల నేర్పరి. అతని తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి కూడా ఆ కొలువులోనే చేరారు. దొరగారు ఒక ఊరు చేరకముందే ఈ సహాయకులు అక్కడికి వెళ్లి, కరణాన్ని, పెద్దలను, పూజారిని, ఖాజీని కలిసి, ఊరి పుట్టుక ఏమిటి, శాసనాలు ఎక్కడున్నాయి, దిబ్బలకు పేర్లెందుకు వచ్చాయి అని అడిగి వ్రాసుకొనేవారు. కొన్నిచోట్ల కరణాలు నోరు విప్పేవారు కారు. ఇదంతా పన్నులు పెంచటానికని వారి అనుమానం. మన కరణాల సంగతి ఎరిగినవారికి అది అంత అకారణమైన అనుమానమని తోచదు. అయినా ఓపికతో సంపాదించిన ఆ వ్రాతలే నేటి మన కైఫీయత్తులు. నాణేలు కూడా ఈ ప్రయాణాలలోనే పోగయ్యాయి.

మా ప్రాంతానికి సంబంధించిన ఘట్టం ఇప్పుడు వస్తుంది. జగ్గయ్యపేటను తండ్రి పేర నిర్మించిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారిని ఎరుగని వారు ఈ మెట్ట సీమలో లేరు. అంతకుముందు ఆ ఊరు బేతవోలు. కృష్ణ ఒడ్డున చింతపల్లి నుండి ఏలుబడి సాగించిన ఆ ప్రభువు, 1796 ప్రాంతంలో అమరావతికి రాజధానిని మార్చి కొత్త పట్టణం కట్టించారు. కట్టడాలకు రాయి కావలసివచ్చింది. దాపుననే దీపాలదిన్నె అనే పెద్ద మట్టిదిబ్బ ఉన్నది. దానిని తవ్వగా చిత్రవిచిత్రమైన బొమ్మలు చెక్కిన తెల్లని పలకలు బయటపడ్డాయి. అవి చెరువు మెట్లకు, గోడలకు పోయాయి. నాయుడుగారి దాతృత్వం లోకవిదితం. ఆయనను నిందించటం మా ఉద్దేశం కాదు. తవ్వినవారికి అవి మంచి రాళ్లు, అంతే.

ఆ వార్త విని మెకంజీ 1798లో అమరావతికి వచ్చారు. దిబ్బను కొలిచి, కనిపించిన పలకలకు చిత్తులు గీయించి, తాను చూచినది పొల్లుపోకుండా వ్రాసుకొన్నారు. ఆ వృత్తాంతం 1807లో ఏషియాటిక్ రిసర్చెస్ తొమ్మిదవ సంపుటంలో అచ్చయింది. అందులో ఒక పెద్ద పొరపాటు ఉన్నది. ఆ దిబ్బ జైనులదని ఆయన తలచారు. అది బౌద్ధుల మహాచైత్యమని తెలియదు. అయినప్పటికీ ఆయన శ్రమ వ్యర్థం కాలేదు. ఏ రాయి ఎక్కడ చూచినదీ, ఎట్లా ఉన్నదీ ఉన్నదున్నట్లు నమోదు చేసినందువల్ల, తరువాతి పండితులు ఆయన తప్పును ఆయన కాగితాల ఆధారంతోనే సవరించగలిగారు. ఆ మహాచైత్యం పలకలు కొన్ని నేడు ఎక్కడా లేవు. మెకంజీ చిత్రాలలో మాత్రమే ఉన్నాయి.

మా విద్యార్థి ముఖంలో ఈ మాట అంతగా పనిచేసినట్లు కనబడలేదు. నాణేల మాట ఎత్తమని అతని చూపు. అందుచేత మా స్వంత కథ ఒకటి చెప్పవలసి వచ్చింది.

మా చిన్నతనంలో ఎండకాలంలో పాటిదిబ్బల నుండి బండ్లతో పాటిమన్ను తోలి చేలకు వేసేవారు. పూర్వం జనం నివసించి పాడుపడిన ఊరిదిబ్బలోని బూడిద, పేడ, ఎముకలు కలిసిన ఆ మన్ను పైరుకు మంచి బలం. తొలకరి వాన కురిసి మన్ను కరిగినప్పుడు పూసలు, పెంకులు, ఒక్కొక్కప్పుడు నల్లని బిళ్లలు తేలేవి. అట్టివి ఐదో ఆరో మేము ఏరి తెచ్చాము. ఒకదాని మీద ఏనుగు బొమ్మ ఉన్నదని లీలగా జ్ఞాపకం. అవి సీసపువని చూచి మా దాదాగారు ఏటిలో వల వేసే మిత్రునికి ఇచ్చారు. అతడు కరిగించి వలకు గుండ్లు చేసుకొన్నాడు. శాతవాహనులు సీసంతో నాణేలు వేశారని, వాటి మీద ఏనుగు బొమ్మ ఉండటం కద్దని మేము తెలుసుకొన్నది యం.ఏ. చదువుతున్న రోజుల్లో. అంతకంటె బాధించే సంగతి మరొకటి ఉన్నది. ఆ మన్ను ఏ దిబ్బది? ఏ సంవత్సరం ఏ దిబ్బ నుండి తోలించారో అప్పుడు ఎవరినీ అడుగలేదు. బిళ్లలు ఇప్పుడు మా చేతిలో ఉన్నా వాటి ఊరు మేము చెప్పలేము.

ఈ మాటకు మాత్రం అతడు పెట్టె మూత తెరిచాడు.

యంత్రం పని తీరును మా కళాశాల భౌతికశాస్త్ర ఉపన్యాసకులు వివరించారు. క్రింది పళ్లెంలో రాగి తీగెచుట్ట ఉంటుంది. దానిలో అటూ ఇటూ మారే విద్యుత్తు ప్రవహించి చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తుంది. నేలలోని లోహం ఆ క్షేత్రానికి లోనై తనలో చిన్న సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. ఆ సుడుల జాడను మరొక తీగెచుట్ట పసిగట్టి మ్రోగుతుంది. టెలిఫోన్ సృష్టికర్త గ్రాహం బెల్ 1881లో, తుపాకీ గుండు తగిలిన అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలో గుండును వెదకటానికి ఇట్టి పరికరాన్నే వాడి విఫలుడైనాడు. మన కుర్రవాని యంత్రం రూపాయిబిళ్లను జానెడు లోతు వరకు పట్టగలదు. అంతకు మించి ఆశించరాదు. ఇనుము పాలు హెచ్చుగా ఉన్న ఎర్రనేలలో ఊరక మ్రోగుతుంది గనుక ముందు ఆ నేలకు తగినట్లు సర్దుకోవాలి. తెలిసిన నాణేలను పెరటిలోనే వేరువేరు లోతుల్లో పాతిపెట్టి, పళ్లెాన్ని నేలకు సమంగా, దగ్గరగా, మెల్లగా ఊపుతూ ఏ లోహానికి ఏ శబ్దమో చెవికి అలవాటు చేసుకొనటం మొదటి పాఠం. దొరికేవానిలో అధికభాగం మేకులు, సోడామూతలు, అరిగిన ఎద్దు నాడాలే.

ధనబోడు విషయం మేము నిష్కర్షగా కాదన్నాము. ఆ పేరే ఎంతమందికి గునపం పట్టించిందో! 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడికి వచ్చే సరికే ఊరివారు రాళ్ల కొరకు స్తూపాన్ని చాలవరకు పాడుచేశారు. మిగిలినవాటిలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరువదవ ఏటి శాసనం దొరికింది. సిద్ధార్థుడనే శిల్పి వెలగిరి మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలు నిలిపినట్లు అందులో ఉన్నది. జగ్గయ్యపేట, బేతవోలు అనే పేర్లకు అడుగున ఉన్న వెలగిరి అనే పేరు మనకు దక్కినది ఆ రాతి వల్లనే. అక్కడే దొరికిన మరొక పలక మీద మాంధాత చక్రవర్తి చేయి చాచి ఉండగా ఆకాశం నుండి చదరపు నాణేలు వర్షిస్తున్నట్లు చెక్కారు. అది నేడు మద్రాసు మ్యూజియంలో ఉన్నది. ధనబోడులో దొరికిన ధనమంటే మాకు తెలిసినంతలో ఆ రాతి నాణేలే.

చట్టం సంగతి కూడా చెప్పక తప్పదు. రక్షిత స్థలాలలో అనుమతి లేక తవ్వటాన్ని 1958 నాటి పురాతన కట్టడాల చట్టం నిషేధిస్తుంది. నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధుల చట్టం. దాచినవానికి ఏడాది వరకు ఖైదు. పది రూపాయలన్నది అప్పటి లెక్క, నేటికీ అదే! నూరేండ్లు దాటిన పురావస్తువుల క్రయవిక్రయాలకు 1972 చట్టం వేరుగా ఉన్నది. ఇక పరుల చేనులో అడుగుపెట్టటానికి చేనిదారుని అనుమతి కావాలని చట్టం చెప్పవలసిన పనిలేదు.

మరల మెకంజీ వద్దకు వస్తాము. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడిలో పాల్గొన్నారు. ఆ పిమ్మట మైసూరు సర్వే ఆయన చేతికి వచ్చింది. నలుబది వేల చదరపు మైళ్ల పని. దాని నడుమ 1803లో బొర్రయ్య మరణించాడు. అతనికి ముప్పై ఏండ్లైనా నిండలేదు. వేరొకరైతే పని ఆగేది. లక్ష్మయ్య అన్న స్థానంలో నిలిచాడు. 1810లో మెకంజీ మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యారు. వెంటనే జావా దండయాత్రకు వెళ్లి అక్కడి ప్రంబనాన్ శిథిలాలను పరిశీలించారు. ఆ దీవిలోనే వివాహమాడారు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితులైనారు. కలకత్తాకు పోవలసి ఉండి కూడా, 1816లో అమరావతికి మరల వచ్చారు. తొలిసారి చూచిన పద్దెనిమిదేండ్లకు దిబ్బ ఇంకా క్షీణించింది. ఈసారి చిత్రకారులను, సర్వేయర్లను నిలిపి మిగిలిన పలకలను ఒక్కొక్కటిగా గీయించారు. ఆ చిత్రాల సంపుటం నేడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అదే సంవత్సరం థామస్ హిక్కీ చిత్రించిన ఆయన పటంలో దొరగారు ఒంటరిగా లేరు. వెనుక ముగ్గురు దేశీయ సహాయకులు నిలిచి ఉన్నారు.

1821 మే 8వ తేదీన, ఆరోగ్యం కొరకు హుగ్లీ నదిపై పడవలో పోతూ మెకంజీ కన్నుమూశారు. సేకరణను కంపెనీవారు ఆయన భార్య వద్ద లక్ష రూపాయలకు కొన్నారు. హెచ్.హెచ్. విల్సన్ 1828లో ప్రకటించిన పట్టిక ప్రకారం అందులో శాసన ప్రతులు 8,076, స్థానిక చరిత్రలు 2,070, చిత్రాలు 2,630, నాణేలు 6,218. అరబ్బీ, పారశీ గ్రంథాలు కూడా ఉన్నాయి. మొఘలుల మచిలీపట్టణపు టంకసాల రూపాయి మీది అక్షరాలు చదవాలంటే మా ఉర్దూ శాఖవారు కావాలి. దాని ప్రక్కనే దొరికిన శాసనం చదవాలంటే మేము కావాలి. ఇరు శాఖల విద్యార్థులు ఒకే బల్ల వద్ద కూర్చొనే పని ఇంతకంటె ఏముంటుందని మేము ప్రిన్సిపాలుగారికి విన్నవించి ఉన్నాము.

కావలి లక్ష్మయ్య ఆ సేకరణను కొనసాగించగోరి 1830లలో చాల ప్రయత్నించాడు. దేశీయునికి అట్టి పనికి తగిన యోగ్యత లేదని కలకత్తా పండితులు నిరాకరించారు. ఇరువది యేండ్లకు పైగా ఆ పనినే చేసినవానికి వచ్చిన జవాబు అది.

మా విద్యార్థి కార్తీకమాసంలో తన నోటుపుస్తకాన్ని తెచ్చి చూపించాడు. తాతగారి చేనిలోనే వెదికాడు. మొదటి పుటలో మేకులు పదకొండు, సోడామూతలు ఆరు, ఎద్దు నాడా ఒకటి, 1962 నాటి నయాపైసా ఒకటి. ప్రతి దానికీ ఎదురుగా లోతు, గట్టు నుండి ఎన్ని అడుగులు అన్నది వ్రాసి ఉన్నది. చివరి గడిలో, ఆ చేనికి పాటిమన్ను ఏ దిబ్బ నుండి ఎప్పుడు తోలించారో తాతగారిని అడిగి తెలుసుకొన్న ఊరి పేరు, ఏడు వ్రాసుకొన్నాడు.