సవన్నా నగర నిర్మాత జేమ్స్ ఓగ్లెథార్ప్

నగరాలను నిర్మించినవారిలో పెక్కుమంది ప్రభువులు. తమ కోటలకు, కొలువుకూటాలకు శోభ చేకూర్చడానికే వారు వీధులు తీర్చారు. అప్పులపాలై చెరసాలలో మగ్గే నిరుపేదలను తలచుకొని నగరానికి రూపకల్పన చేసినవారు చరిత్రలో అరుదు. అట్టివారిలో జేమ్స్ ఎడ్వర్డ్ ఓగ్లెథార్ప్ ఒకడు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సుమారు లక్షన్నర జనాభా గల సవన్నా నగరపు నడిబొడ్డు నేటికీ ఆయన గీసిన గీతల మీదనే నిలిచి ఉంది.

ఓగ్లెథార్ప్ 1696లో ఇంగ్లండులోని ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. 1722లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. రాబర్ట్ కాస్టెల్ అనే వాస్తుశిల్పి ఆయన మిత్రుడు. ప్రాచీన రోమనుల గృహనిర్మాణంపై గ్రంథం రచించిన ఆ పండితుడు అప్పు తీర్చలేక లండనులోని ఫ్లీట్ జైలు పాలయ్యాడు. జైలు అధికారి కోరిన రుసుము చెల్లించలేకపోగా, మశూచి వ్యాపించిన ఇంటిలో అతణ్ణి ఉంచారు. ఆ వ్యాధితోనే 1728లో మరణించాడు. మిత్రుని మరణం ఓగ్లెథార్ప్‌ను కదిలించివేసింది. మరుసటి సంవత్సరం జైళ్ల స్థితిగతులపై పార్లమెంటు నియమించిన విచారణ సంఘానికి ఆయనే అధ్యక్షత వహించాడు. పేదలకు సముద్రానికి ఆవల ఇల్లు, పొలం కల్పించాలన్న సంకల్పం ఆ కృషి నుండే అంకురించింది. అయితే తీరా ఓడ ఎక్కినవారిలో ఋణ ఖైదీలు బహు స్వల్పం. చేతివృత్తులవారు, చిన్న వర్తకులే అధికం.

1732లో రెండవ జార్జి రాజు సనదు మంజూరు చేశాడు. 1733 ఫిబ్రవరిలో నూటపదిమందికి పైగా వలసదారులతో ఓగ్లెథార్ప్ సవన్నా నది ఒడ్డున ఎత్తైన గట్టుపై దిగాడు. అచటి యమక్రా ప్రజల నాయకుడైన వృద్ధ టొమొచిచితో స్నేహం కుదుర్చుకొని, అడవి కొట్టించి నగరానికి కొలతలు వేయించాడు.

ఆ కొలతలలోనే ఆయన ప్రతిభ ఉంది. నగరాన్ని పేటలుగా విభజించాడు. ప్రతి పేటకు నడుమ విశాలమైన చౌకు. చౌకుకు ఉత్తర దక్షిణాలలో పదేసి ఇండ్ల వరుసలు నాలుగు; అనగా పేటకు 40 ఇండ్లు. తూర్పు పడమరలలో ప్రార్థనాలయం, దుకాణం వంటి ప్రజావసరాలకు నాలుగు స్థలాలు. ప్రతి ఇంటి స్థలమూ 60 అడుగులకు 90 అడుగులు. ఒకరిది హెచ్చు, వేరొకరిది తగ్గు కాదు. తోటకు, సేద్యానికి ఊరి వెలుపల ఇచ్చిన భూమితో కలిపి కుటుంబానికి 50 ఎకరాలు. నగరం చుట్టూ ఉమ్మడి భూమిని విడిచిపెట్టడం మరింత దూరదృష్టి. జనం పెరిగినకొద్దీ ఆ భూమిలో అదే అచ్చున కొత్త పేటలు వెలిశాయి. నాలుగు చౌకులతో మొదలైన నగరం 1850ల నాటికి 24 చౌకులకు విస్తరించింది.

1733 జూలైలో 42 మంది యూదులు ఓడ దిగినపుడు, లండనులోని ధర్మకర్తలకు ఇష్టం లేకున్నా ఆయన వారికి ఆశ్రయమిచ్చాడు. జార్జియాలో బానిసత్వం నిషిద్ధమైంది. 1735లో అది శాసనరూపం దాల్చింది. దీనిలో దయ ఎంత, సరిహద్దున ఉన్న స్పానిష్ వారి భయం ఎంత అని ప్రశ్నించేవారున్నారు. ప్రశ్న సమంజసమే. ఏలయన 1732లో ఓగ్లెథార్ప్, బానిసల వ్యాపారంలో ఆరితేరిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి ఉపాధ్యక్షుడు.

ఆ రోజులలోనే ఒక అరబ్బీ లేఖ ఆయన చేతికి చిక్కింది. పశ్చిమాఫ్రికాలోని బుందు ప్రాంతం నుండి అపహరించబడి, మేరీలాండులో బానిసగా అమ్ముడుపోయిన అయూబా సులేమాన్ డియాలో అనే ముస్లిం విద్వాంసుడు తన తండ్రికి వ్రాసుకొన్న లేఖ అది. ఓగ్లెథార్ప్ దానిని ఆక్స్‌ఫర్డ్ పండితులచే అనువదింపజేసి, చదివి చలించి, 45 పౌండ్లకు పూచీపత్రం వ్రాసి అతణ్ణి విడిపించడానికి పూనుకొన్నాడు. అయూబా లండను చేరి, కంఠస్థమైన ఖురానును స్మృతి నుండి వ్రాసి ప్రతులు సిద్ధపరచి, 1734లో స్వదేశం చేరుకొన్నాడు. ఓగ్లెథార్ప్ 1732 చివరనే కంపెనీతో సంబంధం తెంచుకొన్నాడు. ఆ లేఖే కారణమా అన్నది ఊహించుకోవలసిందే.

నిషేధం ఎక్కువ కాలం నిలువలేదు. పొరుగున ఉన్న కరోలినా భూస్వాముల సిరులు చూచి వలసదారులు బానిసలు కావాలని గోల పెట్టారు. 1743లో ఆయన ఇంగ్లండుకు తరలిపోయి మరల తిరిగిరాలేదు. 1751లో నిషేధం తొలగింది. సమానమైన స్థలాలు మిగిలాయి, సమానత్వం పోయింది. ఇదంతా వింటూ ఆయన సుదీర్ఘకాలం జీవించి 1785లో మరణించాడు.

చౌకులకూ గండం తప్పలేదు. 1930లలో రహదారి కొరకు మూడింటిని చీల్చారు. 1954లో ఎల్లిస్ చౌకులోని పాత బజారును కూల్చి కార్లు నిలిపే భవనం కట్టారు. అది చూచి మేల్కొన్న ఏడుగురు మహిళలు 1955లో ఒక సంస్థ స్థాపించి పాత ఇండ్లను కాపాడసాగారు. అర్ధశతాబ్దపు కౌలు ముగిసిన తరువాత ఆ భవనాన్ని పడగొట్టి, కార్లను నేల క్రిందికి పంపి, 2010లో ఎల్లిస్ చౌకును ప్రజలకు తిరిగి అప్పగించారు. నేడు 22 చౌకులున్నాయి. వాటిలో ఒకదానికి బానిసత్వ సమర్థకుడైన కాల్హూన్ పేరు ఉండేది. 2023లో నగరపాలక సభ దానికి, బానిసగా పుట్టి ఉపాధ్యాయినిగా, నర్సుగా సేవలందించిన సూజీ కింగ్ టేలర్ పేరు పెట్టింది.