ఘంటసాల చివరి గానం: అర్ధశతాబ్దం దాటినా తెగని శ్రోతల చర్చ

ఘంటసాల వెంకటేశ్వరరావు గానం చేసిన భగవద్గీత రికార్డు వెలువడి యాభై ఏళ్లు దాటింది. తెలుగునాట ఇంతగా విన్న భక్తి రికార్డులు అరుదు. ఇంతటి అభిప్రాయభేదానికి లోనైనవీ అరుదే. ఆ గానం మొదలుకాగానే కొందరు చేతులు జోడిస్తారు. మరికొందరు ఉలిక్కిపడి, ఏ ఇంట్లో ఎవరు పోయారోనని వీధిలోకి తొంగిచూస్తారు. ఒకే గళం, ఒకే గ్రంథం ఇంత భిన్నమైన స్పందనలకు ఎలా కారణమయ్యాయో తెలియాలంటే ఆ గాయకుని జీవితాన్ని మొదటి నుంచి పరిశీలించాలి.

ఘంటసాల 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. భజన జరిగే చోటికి కుమారుణ్ణి భుజాన ఎత్తుకుని తీసుకువెళ్లేవారు. తరంగాలకు అనుగుణంగా అడుగులు వేసే ఆ బాలుణ్ణి చూసి ఊరివారు బాలభరతుడని ముచ్చటపడేవారు. ఆ ముచ్చట ఎంతోకాలం నిలవలేదు. తండ్రి చిన్నతనంలోనే కన్నుమూశారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక. కుటుంబ భారాన్ని మేనమామ స్వీకరించారు.

తండ్రి కోరిక తీర్చడానికి ఆ బాలుడు చేతి ఉంగరం అమ్మి విజయనగరం బయలుదేరాడు. అక్కడి మహారాజా సంగీత కళాశాలకు ఆనాడు ద్వారం వెంకటస్వామి నాయుడు అధ్యక్షులు. గాత్ర విద్వాంసులు పట్రాయని సీతారామశాస్త్రి ఆ విద్యార్థిని ఆదరించి విద్య చెప్పారు. భోజనానికి ఆధారం లేక ఘంటసాల జోలె కట్టుకుని వీధుల్లో మధూకరం ఎత్తారు. ఆ ఊరి తల్లులు పెట్టిన అన్నంతోనే ఆయన సంగీత విద్య పూర్తయింది. గురువు రుణాన్ని ఆయన జీవితాంతం తలచుకున్నారు. గురుపుత్రుడు పట్రాయని సంగీతరావు తరువాతి కాలంలో మద్రాసులో ఆయనకు సంగీత సహాయకుడై చిరకాలం వెన్నంటి ఉన్నారు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం ఉధృతమైనప్పుడు ఘంటసాల వయసు ఇరవై నిండలేదు. కచేరీలు చేసుకుంటూ స్థిరపడవలసిన సమయంలో ఉద్యమంలోకి దిగి, బళ్లారి వద్ద అల్లీపురం జైలులో శిక్ష అనుభవించారు. విడుదలై వచ్చాక 1944లో సావిత్రిని వివాహం చేసుకున్నారు. సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. మొదట ఆకాశవాణి మద్రాసు కేంద్రంలో పాడే అవకాశం వచ్చింది. అప్పట్లో హెచ్.ఎం.వి. సంస్థలో పనిచేస్తున్న పేకేటి శివరాం చొరవతో గ్రామఫోన్ రికార్డులు మొదలయ్యాయి. 1945లో వచ్చిన స్వర్గసీమ చిత్రంలో నేపథ్యగానం చేశారు. 1949లో మనదేశం, కీలుగుర్రం చిత్రాలకు సంగీతం సమకూర్చారు. పాతాళభైరవి, దేవదాసు, మాయాబజార్ చిత్రాలు వచ్చేనాటికి తెలుగు సినిమా పాటకు ఆయన గొంతే ప్రమాణమైంది.

సినిమా పాటలకు సమాంతరంగా ఆయన ప్రైవేటు రికార్డులూ సాగాయి. వాటిలో కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలతో వెలువడిన పుష్పవిలాపం ముఖ్యమైనది. ఆనాటి 78 ఆర్.పి.ఎం. రికార్డు ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలే తిరిగేది. అంత కొద్ది వ్యవధిలో రాగానికీ, పద్యభావానికీ, ఉచ్చారణకూ సమాన స్థానం ఇవ్వడం ఆయన ప్రత్యేకత. ఆ రికార్డు విన్న తరువాత పూలు కోయడానికి చేయి రాలేదని చెప్పుకున్న శ్రోతలు ఎందరో ఉన్నారు. పాట విని మెచ్చుకోవడం వేరు, విన్నాక నడవడిక మారడం వేరు. ఘంటసాల ప్రైవేటు రికార్డుల నుంచి శ్రోతలు ఆశించినది ఆ రెండోది.

1952 డిసెంబర్‌లో జరిగిన ఒక ఘట్టం నేటి చర్చకు బలమైన సంబంధం కలది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట 58 రోజులు నిరాహారదీక్ష చేసి డిసెంబర్ 15 రాత్రి ప్రాణత్యాగం చేశారు. ఆ సమయంలో ఘంటసాల, మోపర్రు దాసు అక్కడికి వచ్చి అమరజీవి పార్థివదేహం ఎదుట ఎలుగెత్తి పాడారు. ఆ గానం విని జనం కదిలారు. అంతిమయాత్ర మహా ఊరేగింపుగా మారింది. మరో నాలుగు రోజులకు, డిసెంబర్ 19న, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఢిల్లీలో పార్లమెంటు ముందు ఆంధ్ర రాష్ట్ర నిర్మాణాన్ని ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న రాష్ట్రం ఏర్పడింది. మృత్యువు ఎదుట పాడటం ఘంటసాలకు ఆనాడు నిస్పృహ కాలేదు. బతికి ఉన్నవారిని కర్తవ్యానికి పిలవడమైంది.

1970లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. ఆనాటి రాష్ట్రపతి తెలుగువారైన వి.వి. గిరి. 1971లో ఘంటసాల ఐరోపా, అమెరికాలలో పర్యటించి ప్రవాస తెలుగువారికి కచేరీలు వినిపించారు. ఐక్యరాజ్యసమితిలోనూ పాడారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. మధుమేహం, హృద్రోగం ఆయనను వేధించాయి. ఆ స్థితిలోనే భగవద్గీత రికార్డుకు పూనుకున్నారు. గీతలోని 700 శ్లోకాలలో నుంచి వంద పైచిలుకు ఎంపిక చేసి, ప్రతిదానికీ తెలుగు వచనంలో తాత్పర్యం జోడించి గానం చేశారు. సంస్కృతం రాని శ్రోతకూ గీత అందాలన్నది ఆ కూర్పులోనే కనిపించే ఉద్దేశం. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లు. భగవద్గీత రికార్డు ఆ తరువాతే శ్రోతల చేతికి వచ్చింది. పాడినవాడు లేని వేళ, ఆత్మకు నాశం లేదని ఆయన గొంతే చెబుతుంటే విన్నవారు కంటతడి పెట్టారు. మరణంతో ఈ ఆల్బమ్‌కు ఏర్పడిన తొలి ముడి అది.

అది లాంగ్ ప్లే రికార్డుల కాలం. పాశ్చాత్య దేశాల్లో కార్పెంటర్స్ వంటి బృందాల సాఫ్ట్ రాక్ ఆల్బమ్‌లు కూడా అదే రూపంలో ఇళ్లలోకి వచ్చాయి. ఒక గాయకుని కృషిని తొలి పాట నుంచి తుది పాట దాకా కూర్చుని వినే అలవాటును ఆ రికార్డు పెంచింది. ఘంటసాల గీత కూడా అలా వరుసగా వినవలసిన కూర్పే. అర్జునుని విషాదంతో మొదలై పద్దెనిమిదో అధ్యాయం వరకు సాగుతుంది. క్యాసెట్లు వచ్చాక పరిస్థితి మారింది. గుడి మైకుల్లో, ఆ తరువాత అంతిమయాత్ర వాహనాల్లో అది మోగడం మొదలైంది. శ్మశానానికి దారి కొద్ది దూరమే. ఆ కొద్దిసేపట్లో వీధి జనం చెవిన పడేది ఆరంభ భాగమే. దేహం అనిత్యమనీ, పుట్టినవారికి చావు తప్పదనీ చెప్పే రెండో అధ్యాయపు శ్లోకాలు ఆ భాగంలోనే ఉన్నాయి. కర్మను, భక్తిని, మనోనిగ్రహాన్ని బోధించే తరువాతి భాగం వరకు ఆ బండి చేరదు.

అందువల్లనే శ్రోతలు నేడు వర్గాలుగా విడిపోయారు. ఉదయం పూట ఇంట్లో ఈ గానం పెడితే పెద్దలు వారించే కుటుంబాలున్నాయి. అంత్యక్రియల వాహనాలలో గీత వినిపించవద్దని ప్రవచనకారులు, ధార్మిక సంస్థలు విజ్ఞప్తి చేస్తూ వస్తున్నాయి. ఆత్మీయులను సాగనంపే వేళ ఆ గొంతు కంటే గొప్ప ఓదార్పు లేదని, దానిని తొలగించడం తగదని వాదించేవారూ ఉన్నారు. సంగీతజ్ఞులలోనూ ఏకాభిప్రాయం లేదు. శ్లోకాన్ని రాగాలలో, వాద్యసహకారంతో పాడటం పారాయణ సంప్రదాయం కాదని కొందరంటారు. ఎంపికలో ముఖ్యమైన శ్లోకాలు జారిపోయాయని మరికొందరంటారు. గాయకుడు ఎల్.వి. గంగాధర శాస్త్రి తరువాతి కాలంలో సంపూర్ణ గీతను గానం చేసి ఆ రెండో లోటును పూరించారు. అయినా పామరుని నోట గీతార్థాన్ని పలికించిన ఘనత ఘంటసాలదేనని ఉభయపక్షాలూ ఒప్పుకుంటాయి.

ఈ వివాదంలో ఒక విషయం మరుగున పడుతోంది. ఘంటసాల ఎంచుకున్నది చనిపోయినవారికి వినిపించే గ్రంథం కాదు. యుద్ధభూమిలో విల్లు జారవిడిచిన ఒక సజీవునికి చెప్పిన మాట అది. జోలె కట్టి చదువుకున్నవాడు, జైలుకు వెళ్లినవాడు, అమరజీవి భౌతికకాయం ఎదుట నిలిచి జనాన్ని కదిలించినవాడు, తన దేహం సహకరించని రోజుల్లో పూనుకున్న పని అది. శవయాత్రలో ఆ గానం వినిపించడం తప్పా ఒప్పా అన్నది కుటుంబాలు తేల్చుకోవలసిన అంశం. అక్కడ మాత్రమే వినిపించడం వల్ల ఆ కృషిలో అధికభాగం వినేవారు లేక మిగిలిపోతోందన్నది మాత్రం నిజం.

2003లో తపాలా శాఖ ఘంటసాల స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. తెలుగు పట్టణాల కూడళ్లలో ఆయన విగ్రహాలు వెలిశాయి. ఏటా ఫిబ్రవరి 11న వర్ధంతి సభలు, డిసెంబర్ 4న జయంతి కచేరీలు జరుగుతున్నాయి. ఆ కచేరీలలో సినిమా పాటలదే పెద్దపీట. సందేహం తీరిన అర్జునుడు తిరిగి లేచి నిలిచే పద్దెనిమిదో అధ్యాయం దాకా ఆయన గీతను వినిపించే సభలు ఇంకా అరుదుగానే ఉన్నాయి.